విద్యార్థి దినచర్యలో ఇష్టమూ సంతోషమూ
(స్మారకోపన్యాస పాఠం)

ఒక పనిని అందులోని ఆసక్తి కోసమే చేయడాన్ని మనోవిజ్ఞాన శాస్త్రం అంతర్గత ప్రేరణ అంటుంది. డబ్బు కోసమో, మార్కు కోసమో, మెప్పు కోసమో, తిట్లు తప్పించుకోవడానికో చేస్తే అది బాహ్య ప్రేరణ. ఒకే పని రెండు విధాలుగానూ జరగవచ్చు. ఇంటర్మీడియట్ చదివే ఇద్దరు స్టడీ అవర్‌లో పక్కపక్కన కూర్చుని ఒకే లెక్క చేస్తుంటారు. జవాబు ఎలా తేలుతుందో చూడాలని ఒకరు, వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గితే కింది సెక్షన్‌కు మార్చేస్తారన్న భయంతో ఇంకొకరు. వరసల మధ్య తిరిగే లెక్చరర్‌కు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. నోటుపుస్తకాల్లోనూ తేడా ఉండదు. ఆ గంట ఇద్దరికీ ఎలా గడిచిందన్నది మాత్రం వేరు. ఆ తేడాను కొలవగలమా, కొలిస్తే విద్యార్థుల సంతోషం గురించి ఏం తెలుస్తుంది అన్న ప్రశ్నల మీద సుమారు యాభై ఏళ్లుగా సాగిన పరిశోధనే ఈ ఉపన్యాసానికి విషయం.

ఇక్కడ పని అంటే చదువు ఒక్కటే కాదు. విద్యార్థి రోజులో తరగతి, హోంవర్క్, ట్యూషన్ ఉన్నట్టే బస్సు ప్రయాణం, భోజనం, ఇంటి పని, ఆట, సెల్‌ఫోన్, స్నేహితులతో కబుర్లు, ఊరికే కూర్చోవడం కూడా ఉంటాయి. సంతోషాన్ని కూడా పరిశోధకులు కనీసం రెండుగా విడదీసి చూస్తారు. ఈ క్షణాన మనసు ఎలా ఉందన్నది ఒకటి. నిలబడి వెనక్కి చూసుకుంటే మొత్తం బతుకు ఎలా ఉందనిపిస్తోందన్నది రెండోది. ఈ రెండో దానికి ఎడ్ డీనర్ బృందం 1985లో ప్రకటించిన జీవన సంతృప్తి మాపని బాగా వాడుకలో ఉంది. అందులో ఉన్నవి అయిదే వాక్యాలు. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా అంకె వేయాలి, మొత్తం 5కూ 35కూ మధ్య తేలుతుంది. మొదటి రకం సంతోషాన్ని ఇలా ఒక్కసారి అడిగి తెలుసుకోలేరు. దానికి రోజు మధ్యలోకే వెళ్లి అడగాలి. ఎలా వెళ్లారన్నది కాస్త తర్వాత చూద్దాం.

అంతర్గత ప్రేరణ అనే ఊహకు తొలి ఆధారం మనుషుల దగ్గర దొరకలేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో రీసస్ కోతుల ముందు కొక్కేలు, గొళ్లేలు ఉన్న తాళపు చిక్కులు పెట్టాడు. తిండి ఆశ చూపకపోయినా కోతులు వాటిని విప్పాయి, మళ్లీ మళ్లీ విప్పాయి. తిండిని బహుమతిగా కలిపినప్పుడు పని చెడింది. ఈ ఫలితాలు 1950 ప్రాంతంలో వెలువడ్డాయి. ఆకలి, దాహం, శిక్ష, బహుమతి తప్ప ప్రాణిని కదిలించేది ఇంకేమీ లేదని నమ్మే కాలం కావడంతో వాటిని పట్టించుకున్నవారు తక్కువ.

ఇరవై ఏళ్ల తర్వాత ఎడ్వర్డ్ డీసీ ఆ ప్రశ్ననే కళాశాల విద్యార్థుల దగ్గరికి తెచ్చాడు. సోమా అనే ముక్కల పజిల్‌ను విద్యార్థులు మూడు విడతల్లో చేయాలి. రెండో విడతలో సగం మందికి మాత్రం, కట్టిన ఒక్కో ఆకారానికి ఒక డాలరు ఇచ్చారు. మూడో విడతలో మళ్లీ ఎవరికీ డబ్బు లేదు. ప్రతి విడత మధ్యలోనూ ప్రయోగకర్త ఏదో సాకుతో 8 నిమిషాలు బయటికి వెళ్లేవాడు. బల్ల మీద పత్రికలుండేవి, పజిల్ ఉండేది, ఏం చేసినా అడిగేవారు లేరు. అసలు కొలత ఆ 8 నిమిషాలదే. డబ్బు పుచ్చుకున్నవారు మూడో విడతలో పజిల్‌ను ముట్టుకున్న సమయం తగ్గింది. డీసీ దీన్ని ప్రకటించిన 1971 వ్యాసంలోనే ఇంకో ఫలితం ఉంది. డబ్బుకు బదులు నోటిమాటగా మెచ్చుకున్నప్పుడు ఆసక్తి అలా పడిపోలేదు.

మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగం మరీ చిన్న పిల్లల మీద జరిగింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆవరణలోని శిశుపాఠశాలలో రంగు మార్కర్లతో బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లలను ఎంచుకున్నారు. బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత, మామూలు ఆటవేళలో మార్కర్లను బల్ల మీద పెట్టి దూరం నుంచి గమనించారు. ఏ బహుమతీ లేనివారు తమ సమయంలో 16.7 శాతం బొమ్మలకు ఇచ్చారు. బహుమతి కోసమని వేసినవారు ఇచ్చింది 8.6 శాతమే. ఊహించకుండా బహుమతి అందినవారిలో తగ్గుదల కనిపించలేదు. అంటే చెడగొట్టింది రిబ్బను కాదు, దాని కోసం వేస్తున్నామన్న ఎరుక.

ఈ ఫలితాన్ని అందరూ ఒప్పుకోలేదు. 1994లో జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ 96 ప్రయోగాలను కలిపి లెక్కగట్టి, బహుమతుల వల్ల నష్టం పెద్దగా లేదన్నారు. 1999లో డీసీ, కోస్ట్‌నర్, ర్యాన్ 128 ప్రయోగాలతో బదులు చెప్పారు. వాదం చాలా ఘాటుగా సాగింది. దుమ్ము సర్దుకున్నాక మిగిలింది ఇది: ఆసక్తికరమైన పనికి ముందే మాట ఇచ్చిన వస్తురూప బహుమతి ఆసక్తిని తగ్గిస్తుంది, విసుగు పనిలో తగ్గడానికి మొదట ఆసక్తే ఉండదు కనుక నష్టం ఉండదు, నిజాయతీగా చెప్పిన మెచ్చుకోలు మేలు చేస్తుంది. వస్తురూప బహుమతుల హాని కళాశాల విద్యార్థుల కన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించడం గమనించదగ్గది. ఎందుకంటే సైకిలు, సెల్‌ఫోన్ ఆశలు చూపేది ఎక్కువగా ఆ వయసులోనే.

అంతర్గతం, బాహ్యం అనే రెండు గదులు మాత్రమే ఉంటే విద్యార్థి జీవితంలో ఎక్కువ భాగానికి చోటు దొరకదు. అనాటమీ పేర్లు కంఠస్థం చేయడం ఎవరికి సరదా? అయినా డాక్టరు కావాలని నిజంగా కోరుకునే విద్యార్థిని ఆ పనిని బలవంతంగా చేస్తోందనలేం. అందుకే డీసీ, రిచర్డ్ ర్యాన్ కలిసి 1985లో పుస్తకంగా తెచ్చిన స్వయంనిర్ణయ సిద్ధాంతం బాహ్య ప్రేరణను మెట్లుగా విడగొట్టింది. శిక్ష, బహుమతుల కోసం చేయడం అన్నిటికన్నా కింది మెట్టు. దాని పైది, బయటి ఒత్తిడి లోపలికి ఇంకిపోయి మనిషి తనను తానే తరుముకోవడం. అమ్మానాన్నలకు తల దించుకునే పరిస్థితి వస్తుందని, చదవకపోతే తాను పనికిరానివాడినవుతానని చదివే చదువు ఇక్కడిది. ఆ పై మెట్టులో పని సరదాగా లేకపోయినా దాని విలువ తెలిసి, తనదిగా ఒప్పుకుని చేస్తారు. ఇష్టం కోసమే చేయడం వీటన్నిటికీ ఆవల ఉంటుంది.

రెండో మెట్టు మన ఇళ్లలో చాలా మందికి తెలిసిన చోటు కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి. 1989లో ర్యాన్, జేమ్స్ కానెల్ బడిపిల్లలను హోంవర్క్ ఎందుకు చేస్తారని అడిగి, జవాబులను ఈ మెట్ల మీద సర్దారు. సిగ్గు, అపరాధభావం వల్ల చదివేవారు, విలువ తెలిసి చదివేవారు ఇద్దరూ కష్టపడతారు. తల్లిదండ్రుల కంటికి ఇద్దరూ బుద్ధిగా చదివే పిల్లలే. కానీ మొదటివారిలో ఆందోళన ఎక్కువ, ఓటమి ఎదురైతే తట్టుకునే తీరు పేలవం. రెండోవారు చదువును ఆస్వాదిస్తారు, ఓడినా తేరుకుంటారు. ఇంట్లో ఎవరూ కేకలేయకపోయినా, చెయ్యెత్తకపోయినా పిల్ల కుంగిపోతోందంటే కారణం చాలాసార్లు ఇక్కడ దొరుకుతుంది. అరవని ఇల్లు ఒత్తిడి లేని ఇల్లని అనుకోవడానికి వీల్లేదు.

ఇక రోజు మధ్యలోకి వెళ్లిన పద్ధతి. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి 1970లలో పేజర్‌ను పరిశోధన సాధనంగా మార్చాడు. వారం రోజులపాటు పేజర్ వేళాపాళా లేకుండా మోగుతుంది. మోగినప్పుడల్లా తానెక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు, ఏం చేస్తున్నాడు, మనసెలా ఉంది, చేస్తున్నది ఇష్టంగానేనా, ఇంకేదైనా చేస్తే బాగుండుననిపిస్తోందా అన్నది విద్యార్థి చిన్న పుస్తకంలో నమోదు చేయాలి. రీడ్ లార్సన్‌తో కలిసి 1984లో ఆయన తెచ్చిన పుస్తకానికి షికాగో సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలకు చెందిన 75 మంది ఇలా రాసిన పుటలే ముడిసరుకు. జ్ఞాపకం మీద ఆధారపడని సమాచారం కావడం దీని బలం. పరీక్షలయ్యాక బడి రోజులను తలచుకుని చెప్పే మాటకూ, బడిలో కూర్చున్నప్పుడు రాసిన మాటకూ చాలా దూరం ఉంటుంది.

ఆ బృందం నమోదుల్లో ఒక చరిత్ర తరగతి పేరుపడింది. పాఠం చెంఘిజ్ ఖాన్ చైనా దండయాత్ర. తరగతిలో 27 మంది. పేజర్ మోగిన క్షణాన చైనాకు సంబంధించిన ఆలోచన ఉన్నవారు ఇద్దరే. ఒకరు చైనా హోటల్లో ఇంటివాళ్లతో తిన్న భోజనాన్ని తలచుకుంటున్నారు. పూర్వం చైనా మగవాళ్లు జడ ఎందుకు వేసుకునేవారా అన్నది రెండోవారి ఆలోచన. ఉపాధ్యాయులు దీన్ని చదివి నొచ్చుకోనక్కరలేదు. ఉపన్యాసాలిచ్చేవారికి కూడా ఇందులో భాగం ఉంది.

2003లో చిక్‌సెంట్‌మిహాయి, జెరెమీ హంటర్ అమెరికాలోని 12 ప్రాంతాలకు చెందిన 828 మంది విద్యార్థుల నమోదులను సంతోషం వైపు నుంచి విశ్లేషించారు. బడి పనుల్లో ఉన్నప్పటి సంతోషం సగటు కన్నా తక్కువ. స్నేహితులతో ఉన్నప్పుడు అన్నిటికన్నా ఎక్కువ, ఒంటరిగా ఉన్నప్పుడు అన్నిటికన్నా తక్కువ. ఇంతవరకు ఎవరైనా చెప్పగలిగిందే. ఒక్కో క్షణాన్ని కాకుండా ఒక్కో విద్యార్థినీ లెక్కలోకి తీసుకునేసరికి బొమ్మ తిరగబడింది. బడి పనుల్లో ఎక్కువ సమయం గడిపే విద్యార్థులు, మొత్తమ్మీద, తక్కువ గడిపేవారి కన్నా సంతోషంగా ఉన్నారు. ఉల్లాసం కోసం పుస్తకాలు ఎక్కువగా చదివేవారి సంతోషం తక్కువగా కనబడటం పరిశోధకులకే అంతుపట్టని మరో ఫలితం. విద్యార్థి స్థిరమైన సంతోషాన్ని బాగా సూచించినవి తన మీద తనకు మంచి అభిప్రాయం, ఉత్సాహం, చురుకుదనం, కలుపుగోలుతనం, వాటితో పాటు పనిలో లీనమయ్యే పరిస్థితుల్లో ఎక్కువగా ఉండటం.

ఆ లీనమయ్యే స్థితి చిక్‌సెంట్‌మిహాయి జీవితకాల అధ్యయనం. పని కష్టమూ, చేసేవారి నేర్పూ రెండూ ఎక్కువగా ఉండి సరితూగినప్పుడు కాలం తెలియదు, తన మీద ధ్యాస ఉండదు. కష్టం మించితే కంగారు, నేర్పు మించితే విసుగు. మృదంగం నేర్చుకునేవాడికి, పరుగు తీసేందుకు క్రీజులో కాచుకున్నవాడికి, చిక్కటి చుక్కల ముగ్గు మధ్యలో ఉన్న అమ్మాయికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. అమెరికా కిశోరుల్లో ఈ స్థితి టీవీ చూసే సమయంలో 13 శాతం, అభిరుచుల్లో 34 శాతం, ఆటల్లో 44 శాతం సందర్భాల్లో కనిపించిందని ఆయన 1997లో రాశాడు. అయినా వాళ్లు టీవీకి ఇచ్చే సమయం ఆటలకు, అభిరుచులకు ఇచ్చేదానికి కనీసం నాలుగు రెట్లు. కారణం కూడా చెప్పాడు. ఆట మొదలు కావాలంటే జట్టు పోగవ్వాలి, సంగీతమైతే వాయిద్యం శ్రుతి చేసుకోవాలి. ఆనందానికి ముందు కొంత శ్రమ తప్పదు. టీవీకి మీట నొక్కితే చాలు. సెల్‌ఫోన్ ఆ మీటను కూడా తగ్గించింది.

కాబట్టి ఇష్టంగా చేసేదల్లా సంతోషం ఇస్తుందనడం సరికాదు. 1989లో చిక్‌సెంట్‌మిహాయి, జుడిత్ లెఫెవర్ ఉద్యోగస్తులను పరిశీలించినప్పుడు, లీనమైన స్థితి తీరికలో కన్నా పనిలోనే ఎక్కువగా కనిపించింది. అయినా పనిలో ఉన్నంతసేపూ వాళ్లు ఇంకేదో చేయాలనే కోరుకున్నారు. పని మీద ముందే పడ్డ ముద్ర అనుభవం కన్నా బలమైనది. చదువుకూ అలాంటి ముద్రే ఉంది. నాలుగో తరగతి పిల్లవాడికి కూడా చదువు కష్టమని, ఆట సుఖమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

వెనువెంటనే జరిగే మార్పులను చూడటానికి ఇంకో దారి రోజువారీ డైరీ. కెనన్ షెల్డన్, ర్యాన్, హ్యారీ రీస్ 1996లో 60 మంది, 2000లో మరో బృందంగా 76 మంది కళాశాల విద్యార్థులతో రెండు వారాలపాటు ప్రతి రాత్రీ రాయించారు. ఆ రోజు చేసిన ముఖ్యమైన పనులేవి, వాటిని ఎందుకు చేశారు, ఎంత బాగా చేయగలిగారు, మనసెలా ఉంది, తలనొప్పి లాంటివేమైనా వచ్చాయా అన్నవి ప్రశ్నలు. ఇక్కడ ఒకరిని మరొకరితో పోల్చరు, ఒకే మనిషి సోమవారాన్ని అదే మనిషి గురువారంతో పోలుస్తారు. ఎవరికైనా సరే తమ మామూలు రోజుల కన్నా ఎక్కువగా తమ ఇష్టం చెల్లిన రోజున, చేతనైందనిపించిన రోజున ఉల్లాసం, ఓపిక ఎక్కువ; ఒంటి నలతలు తక్కువ. రెండో అధ్యయనంలో తోటివారితో దగ్గరితనం కూడా అదే ఫలితం ఇచ్చింది. వారాంతాల్లో విద్యార్థుల మనసు తేలికపడటం వెనక ఉన్నది కూడా చాలావరకు తమ ఇష్టం చెల్లడం, తోటివారి దగ్గరితనమే.

ఈ సంబంధం ఎటు నుంచి ఎటు నడుస్తోందన్నది సులువుగా తేలదు. ఇష్టం వల్ల సంతోషమా, సంతోషంగా ఉన్నవారికి అన్నీ ఇష్టంగా తోచడమా? రెండోది కూడా నిజమే. ఆలిస్ ఐసెన్, జాన్‌మార్షల్ రీవ్ 2005లో చిన్న మిఠాయి పొట్లంతో విద్యార్థుల మనసును ముందే ఉల్లాసపరిచి చూస్తే, ఆసక్తికరమైన పని మీద వారు ఎక్కువసేపు గడిపారు, ఆస్వాదించారు. చేయక తప్పని పని ఎదురుగా ఉంటే దాన్నీ విడిచిపెట్టలేదు. కనుక ఇవి రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయనడమే ప్రస్తుతానికి న్యాయం. ఒకసారి అడిగిన ప్రశ్నావళితో ఇష్టమే సంతోషానికి కారణమని తేల్చేసే వ్యాసాలు చాలా వస్తుంటాయి. వాటిని జాగ్రత్తగా చదవాలి.

సంతోషం ఎక్కువా తక్కువా అన్న ప్రశ్న కన్నా అది దేన్ని పట్టుకుని నిలబడుతుందన్న ప్రశ్నే ఎక్కువ తెలియజెబుతుంది. కిమ్ బర్టన్, జాన్ లిడన్, డీఅలెస్సాండ్రో, రిచర్డ్ కోస్ట్‌నర్ 2006లో ప్రచురించిన పరిశోధన దీన్నే పట్టుకుంది. బడిపిల్లల్లోనూ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లోనూ రెండు రకాల మంచి ప్రేరణలను విడదీశారు. ఒకటి ఇష్టం, రెండోది విలువ తెలిసి చదవడం. మార్కులను ముందుగా సూచించింది రెండోదే. చదువు ముఖ్యమని ఒప్పుకున్నవారు, అది సరదాగా లేనప్పుడు కూడా కూర్చుని చదివారు మరి. కానీ వారి మనసు నెమ్మది మార్కులతో ముడిపడింది. మార్కులు బాగుంటే బాగుంది, తగ్గితే తగ్గింది. ఇష్టంతో చదివేవారి మనసు మార్కులు ఎలా వచ్చినా ఒక తీరున నిలిచింది. ఇంత స్పష్టంగా తేడాను చూపిన అధ్యయనాలు తక్కువ. ఇష్టం లేకుండా విలువతోనే గట్టెక్కవచ్చు. విలువ లేకుండా ఇష్టంతోనే పరీక్షలు గట్టెక్కడం కష్టం. కానీ ఫలితాలు వెలువడే రోజున కాళ్ల కింద నేల మిగిలేది రోజువారీ ఇష్టం ఎంతో కొంత దక్కినవారికే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ మాట అవసరం ఎక్కడ ఉందో చెప్పనక్కరలేదు. రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో నిద్ర లేచిన దగ్గర నుంచి లైట్లు ఆపేదాకా రోజంతా గంటల్లో బిగించి ఉంటుంది. తరగతి, స్టడీ అవర్, పరీక్ష, తప్పుల సవరణ, మళ్లీ స్టడీ అవర్. ఔటింగ్‌కు అనుమతి కావాలి, ఇంటికి ఫోన్ చేయడానికి వరసలో నిలబడాలి. తన ఇష్టం చెల్లడం, చేతనవడం, తోటివారితో అనుబంధం అని స్వయంనిర్ణయ సిద్ధాంతం చెప్పే మూడు అవసరాల్లో ఇక్కడ ఇష్టానికి చోటు దాదాపు లేదు. చేతనవుతోందన్న భావం ప్రతి వారం ర్యాంకు కాగితం మీద కూర్చుంటుంది, ర్యాంకు అంటేనే ఒకరు ఎక్కితే ఒకరు దిగాల్సిన వ్యవహారం. మిగిలింది అనుబంధం. హాస్టల్ గదిలోని స్నేహం చాలా మందిని నిలబెట్టేది అందుకే కావచ్చు. 2024 జనవరిలో కేంద్ర విద్యా శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు 16 ఏళ్ల లోపు పిల్లలను కోచింగ్ కేంద్రాల్లో చేర్చుకోవద్దని, రోజుకు 5 గంటలకు మించి తరగతులు వద్దని, వారానికో సెలవు ఉండాలని చెప్పాయి. గంటలు తగ్గించడం మంచిదే. అయితే మిగిలిన గంటల్లో ఏం జరుగుతుందన్నది ఏ మార్గదర్శకానికీ అందదు.

భారతీయ విద్యార్థుల రోజును లోపలి నుంచి చూపిన ముఖ్యమైన అధ్యయనం సుమన్ వర్మ, దీపాలి శర్మ, రీడ్ లార్సన్‌లది, 2002లో వచ్చింది. నగర మధ్యతరగతికి చెందిన 100 మంది ఎనిమిదో తరగతి పిల్లలు వారం పాటు తమ పనులనూ మనస్థితినీ నమోదు చేశారు. మేలుకుని ఉన్న సమయంలో మూడో వంతు చదువుకే పోయింది, ఆ సమయంలో మనసు దిగులుగా, చురుకు లేకుండా ఉంది. హోంవర్క్ ఎక్కువగా చేసేవారిలో దిగులు, లోలోపలి కుంగుబాటు ఎక్కువ. ఇంతటితో ఆగితే చదువు మీద నేరారోపణకు సరిపోయేది. కానీ తీరిక ఎక్కువగా ఉన్న పిల్లలు ఆ క్షణాన హాయిగా ఉన్నా, చదువు గురించిన భయం వారిలోనే ఎక్కువ, మార్కులు కూడా తక్కువ. ఎటు తిరిగినా ఏదో ఒకటి చెల్లించాల్సిందే అన్నట్టుంది ఈ బేరం. తీరికను పెంచితే చాలుననే సులువైన పరిష్కారాన్ని ఈ ఫలితం నిలబడనివ్వదు.

పాశ్చాత్య విద్యార్థుల మీద తేలిన సంగతులు మన కుటుంబాలకు వర్తిస్తాయా అన్నది న్యాయమైన సందేహం. షీనా అయ్యంగార్, లెపర్ 1999లో దీన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలో 7 నుంచి 9 ఏళ్ల పిల్లలతో పరీక్షించారు. తారుమారు చేసిన అక్షరాలను సర్ది మాటలు కట్టే ఆట అది. ఏ వర్గం మాటలు కట్టాలో కొందరు పిల్లలు తామే ఎంచుకున్నారు, కొందరికి ప్రయోగకర్త ఎంచింది, కొందరికి అమ్మ ఎంచిందని చెప్పారు. తెల్లజాతి అమెరికన్ పిల్లలు తామే ఎంచుకున్నప్పుడు బాగా చేశారు. చైనా, జపాన్ మూలాలున్న పిల్లలు అమ్మ ఎంచిందన్నప్పుడు ఇంకా బాగా, ఇంకా ఇష్టంగా చేశారు. ఎవరో తెలియని మనిషి ఎంచినప్పుడు మాత్రం రెండు వర్గాల ఆసక్తీ తగ్గింది. అమ్మ ఎంపిక బిడ్డకు తనదే అనిపించినప్పుడు అది పరాయి పెత్తనం కాదు. నాన్న చెప్పిన గ్రూపులో చేరిన తెలుగు పిల్లలందరూ బలవంతపు చదువు చదువుతున్నట్టు తీర్మానించకూడదు. ఆ ఎంపిక మొదటి ఏడాది చివరికైనా తనదైందా లేదా అని అడగాలి, అడిగితే జవాబు దాచుకోకుండా చెప్పగలిగే చనువు ఇంట్లో ఉండాలి.

బహుమతి, శిక్ష, పోలిక నేర్చుకోవడాన్ని చెడగొడతాయని ఈ ప్రయోగాలకు చాలా ముందే గట్టిగా చెప్పినవారిలో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఒకరు. విద్య మీద ఆయన పుస్తకం 1953లో వచ్చింది. అంతకన్నా ముందు, 1930ల తొలినాళ్లలో, గుజరాత్‌లో గిజుభాయి బధేకా తన బడి ప్రయోగాన్ని కథగా రాశాడు. అది పగటికల పేరుతో తెలుగు ఉపాధ్యాయులకు చేరింది. వీరికి పేజర్లు, మాపనులు లేవు. తాత్వికతను పక్కన పెట్టి ఆచరణ మాత్రమే చూసినా, రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చిన్న పల్లె బడుల కోసం రూపొందించిన కార్డుల పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. నిచ్చెనలా అమర్చిన కార్డుల్లో ప్రతి పిల్ల తానున్న మెట్టు నుంచి తన వేగంతో ఎక్కుతుంది. పక్క పిల్ల ఏ మెట్టు మీద ఉందన్నది లెక్క కాదు. పనిలో లీనమవడానికి అవసరమైన కష్టం–నేర్పుల తూకం ఇందులో దానంతటదే కుదురుతుంది.

చదువులో ఎంతో కొంత విసుగు తప్పదు. ఎక్కాలు, స్పెల్లింగులు, సమీకరణాల బట్టీ అందులోవే. 1992లో కారల్ శాన్సోన్ బృందం కళాశాల విద్యార్థులకు అక్షరాలను చూసి రాసే అతి విసుగు పని ఇచ్చింది. ఆ పని ఎందుకు మంచిదో కారణం తెలిసినవారు దాన్ని తమంతట తామే ఆసక్తికరంగా మార్చుకునే ఎత్తులు ఎక్కువగా వేశారు, రాసే తీరు మార్చడం లాంటివి. 1994లో డీసీ బృందం కంప్యూటర్ తెర మీద చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కే పని ఇచ్చి, మూడింటిని పరీక్షించింది: కారణం చెప్పడం, విసుగ్గా ఉంటుందని ముందే ఒప్పుకోవడం, ఆజ్ఞాపించకుండా మాట్లాడటం. వీటిలో కనీసం రెండు ఉన్నప్పుడు విద్యార్థులు ఆ పనిని తమదిగా తీసుకున్నారు, తర్వాత తీరికలో మళ్లీ చేసినప్పుడు అది వారి ఇష్టంతో పొసిగింది. అవి లేనప్పుడు కూడా కొందరు మళ్లీ చేశారు, కానీ ఆనందం లేకుండా. స్మారకోపన్యాసాల్లో ఉపాధ్యాయుణ్ని పొగడటం ఆనవాయితీ. ఆ పొగడ్తకు ఇంత కచ్చితమైన ప్రయోగపు ఆధారం అరుదుగా దొరుకుతుంది. పాఠం ఎందుకో చెప్పి, ఇది కాస్త విసుగే అని ఒప్పుకుని, మెత్తగా మాట్లాడటానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, అదనపు ఖర్చు లేదు, సిలబస్ మిగిలిపోదు.

వీటన్నిటి వల్ల మార్కులు తగ్గుతాయేమోనన్నది తల్లిదండ్రుల చివరి ప్రశ్న. షెల్డన్, లారెన్స్ క్రీగర్ అమెరికాలో న్యాయవిద్యార్థులను అనుసరించిన రెండు అధ్యయనాలు దీనికి దగ్గరి జవాబు. 2004 నాటి మొదటిదాంట్లో, తొలి ఏడాదిలోనే విద్యార్థుల సంతోషం, ఇష్టంతో చదవడం రెండూ పడిపోయాయి. చేరేనాటికి ఎక్కువ ఇష్టం ఉన్నవారికే మంచి గ్రేడ్లు వచ్చాయి. చిత్రమేమిటంటే ఆ మంచి గ్రేడ్లు వారినే డబ్బూ ఒత్తిడీ ఎక్కువగా ఉన్న కొలువుల వైపు మళ్లించాయి. 2007లో రెండు న్యాయకళాశాలలను మూడేళ్లపాటు పోల్చారు. అధ్యాపకులు తమ మాట వింటారని, తమ ఎంపికలను గౌరవిస్తారని ఒక చోటి విద్యార్థులు ఎక్కువగా చెప్పారు. అక్కడ కూడా సంతోషం తగ్గింది, కానీ తక్కువగా తగ్గింది. తమ వృత్తిని ఇష్టంగా ఎంచుకున్నామన్నవారు అక్కడే ఎక్కువ. న్యాయవాదిగా నమోదు కావడానికి రాసే బార్ పరీక్షలోనూ మెరుగైన ఫలితాలు ఆ కళాశాలవే.